పదిమంది పడవ

ఆ ఆదివారం పొద్దున రత్తాలు కట్ట ఎక్కి చూసేసరికి, తాను మడుగులో పాతిన సరుగుడు గుంజలు ఒక్కటి కూడా లేవు. కట్ట దిగువన కొండయ్య టీ కొట్టు ముందు కొత్త పందిరి లేచింది. దాన్ని మోస్తున్నవి ఆ గుంజలే. వాటి తలలకు తాను కట్టిన ఎర్ర పేలికలు విప్పే ఓపిక కూడా లేకపోయింది పీకినవాళ్లకి.

నడుముకు కట్టుకున్న సిలవరు తపేలా అక్కడే గడ్డి మీద పడేసి గబగబా కిందికి దిగింది.

"కొండయ్యన్నా, అవెవరు పీకారు?"

కొండయ్య గ్లాసులు కడుగుతున్నాడు. మడుగును రెండేళ్లకు పంచాయతీ పాటలో పాడుకున్నవాడు. చేపలూ అతనివే, రెండు పడవలూ అతనివే.

"నేనే పీకించా. కార్తీకమాసం. నలుగురూ సరదాగా వచ్చేచోట నీళ్ల నడుమ ఎర్రగుడ్డల గుంజలేంటి, వల్లకాట్లో పాతినట్టు? చూస్తే ఎవరన్నా దిగుతారా?"

"దిగకూడదనే పాతాను."

"నా బేరం చెడగొట్టడానికి పాతావు. పో రత్తాలూ, పొద్దున్నే నోరు చేసుకోకు."

రత్తాలుకు తిట్టాలంటే తిట్లు చాలలేదు. తనతోపాటు రొయ్యలు పట్టే పిచ్చమ్మ, ధనమ్మ, తాను కలిసి రెండు రోజులు మొలలోతు నీళ్లలో నిలబడి దిగ్గొట్టిన గుంజలవి.

తుఫాను ఏడాది రేపల్లె దిగువన కట్ట తెగినప్పుడు పుట్టింది గండిమడుగు. ఆ నీళ్ల ఉరవడికి నేల తవ్వుకుపోయింది. తర్వాత కట్ట వేశారు గాని తవ్వుకుపోయిన చోటు అలాగే మిగిలి, పన్నెండేళ్లలో చుట్టుపక్కల పల్లపు నేలలన్నీ కలుపుకుని పెద్ద జలాశయమైంది. అవతలి ఒడ్డున నిలబడ్డది ఆడమనిషో మగమనిషో పోల్చుకోలేనంత వెడల్పు. ఒడ్డున సరుగుడు తోపు, నాలుగు ఉసిరి చెట్లు. కార్తీకం వస్తే చాలు, తెనాలి నుంచీ బాపట్ల నుంచీ కుటుంబాలు కుటుంబాలే దిగేవి. సూర్యలంకలో అలలు చూసి జంకేవాళ్లు ఇక్కడి నిలకడ నీళ్లు చూసి ధైర్యపడేవాళ్లు.

ఆ ధైర్యమే రత్తాలుకు కడుపుమంట. ఆ నీళ్ల అడుగు ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పదేళ్లుగా రోజూ దిగి, బురదలో కాళ్లతో తడుముతూ, చేతులతో రొయ్యలు పట్టి, పక్కన తేలే తపేలాలో వేసుకునే మనిషి. ఒడ్డు నుంచి నలభై అడుగుల దాకా మొలలోతు. తుంగ దుబ్బులు దాటాక ఇంకో పది అడుగులు కూడా మొలలోతే. ఆ తర్వాత ఒక్క అడుగు వేస్తే కింద నేల ఉండదు. గండి తవ్విన గొయ్యి అది. పైనుంచి చూస్తే నీళ్ల రంగులో కూడా తేడా కనపడదు.

నిరుడు కార్తీకంలో బాపట్ల నుంచి వచ్చిన ఒకాయన కూతురి చెయ్యి పట్టుకుని అలాగే నడుచుకుంటూ పోయాడు. అందరూ చూస్తుండగానే ఇద్దరూ లేరు. రెండు గంటల తర్వాత రత్తాలు కాలికి తగిలారు. ఆ పిల్ల తండ్రి బనీను గుప్పిట్లో పట్టుకుని ఉంది. ఒడ్డుకు తెచ్చాక కూడా ఆ వేళ్లు విడదీయలేకపోయారు. పోలీసులు రాసుకుపోయారు. పంచాయతీ ప్రెసిడెంటు వచ్చి, "గుంజలు పాతించి తాడు కట్టిద్దాం లేమ్మా" అన్నాడు. ఏడాదిలో రత్తాలు నాలుగుసార్లు వెళ్లి అడిగింది. నాలుగుసార్లూ "చూద్దాం" అన్నాడు. ఐదోసారి అడగబుద్ధి కాక తానే పాతుకుంది. ఇప్పుడా గుంజల నీడన కొండయ్య టీ కాస్తున్నాడు.

తొమ్మిదింటికి తెనాలి వ్యాను వచ్చింది. గంగాళాలు, కూరగాయల బుట్టలు, జంబుఖానాలు దిగాయి. ఆ తర్వాత ఇరవై మందికి పైగా మనుషులు దిగారు. వాళ్లకు పెద్ద యజ్ఞనారాయణ మేష్టారు, హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. మడత నలగని చొక్కా, మందపాటి కళ్లజోడు. పక్కన ఆయన భార్య కామేశ్వరమ్మ. వెనకాల కోడలు రమణి, ఇద్దరు పిల్లలను చెరో చేత్తో పట్టుకుని.

రత్తాలు తడి చీరతోనే వాళ్ల ముందుకు వెళ్లి నిలబడింది.

"అయ్యా, అమ్మా, ఒక్కమాట. పిల్లల్ని మోకాలి లోతు దాటనీకండి. ఆ తుంగ దుబ్బులు కనపడతన్నాయే, పెద్దోళ్లు కూడా వాటికి ఇవతలే ఉండాల. అవతల గొయ్యి ఉంది. నిరుడు ఇద్దరు పోయారు."

కామేశ్వరమ్మ ముఖం మాడ్చుకుంది. "శుభమా అని భోజనాలకి వస్తే ఆ చావు మాటలేంటమ్మాయ్?"

"చెప్పకపోతే మళ్లీ నేనే వెతకాల అమ్మగారూ."

"సరే సరే, విన్నాంలే," అన్నాడు మేష్టారు. "మాకూ కళ్లున్నాయి. ముప్పై రెండేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన వాణ్ణి, నా పిల్లల్ని నేను చూసుకోలేనా?"

"పాఠాలు చెప్పారు, కాదనను. ఈ నీళ్ల అడుగు చూశారా మీరు? నేను చూశానండి, కాళ్లతో."

మేష్టారు వినిపించుకోనట్టు జంబుఖానా ఎక్కడ పరవాలో చూపించసాగాడు. రమణి మాత్రం వెనకే ఆగిపోయింది.

"పోయినవాళ్లు పెద్దవాళ్లా అక్కా?"

"ఒకరు తండ్రి. ఒకరు ఇదిగో, ఈ పాపంత ఉంటుంది."

రమణి పిల్లల చేతులు గట్టిగా పట్టుకుంది.

పదిన్నరకు పడవ షికారు మొదలైంది. పెద్ద పడవకు గెడ వేసేది రత్తాలు మొగుడు మస్తాన్‌రావు. ఒకప్పుడు నిజాంపట్నంలో సముద్రం మీదికి వెళ్లినవాడు. సొంత పడవ తుఫానులో పోయాక కొండయ్య దగ్గర కూలికి కుదిరాడు. ఆ పడవ పదిమందికి సరిపోతుంది. పదకొండో మనిషి ఎక్కితే అంచు నీళ్లకు జానెడు దూరానికి దిగుతుంది. ఆ సంగతి మస్తాన్‌రావే ఇంట్లో ఎన్నోసార్లు చెప్పాడు.

రత్తాలు వచ్చి చూసేసరికి అందులో పద్దెనిమిది మంది ఉన్నారు. మేష్టారు ముందు పలక మీద దర్జాగా కూర్చున్నాడు. రమణి ఒడ్డునే ఉండిపోయింది, పిల్లలతో.

"రావే, పిల్లలు సరదాపడుతున్నారు," అని పడవలోంచి పిలుస్తోంది కామేశ్వరమ్మ.

"మేం రాం అత్తయ్యా. మీరు వెళ్లి రండి."

"ఎవరో ఏదో అన్నారని ఇంత పిరికితనమా?" అని పక్కవాళ్లతో నవ్వింది కామేశ్వరమ్మ. రమణి ముఖం ఎర్రబడ్డా కదల్లేదు.

రత్తాలు నీళ్లలోకి దిగి పడవ తాడు పట్టుకుంది.

"మావా, ఎనిమిది మందిని దించు."

"వదులే," అన్నాడు మస్తాన్‌రావు, ఆమె వంక చూడకుండా.

"నువ్వే చెప్పావుగా, పదిమందికి మించితే ఆగదని. దించు. రెండు తడవలు తిప్పు."

ఒడ్డు మీది నుంచి కొండయ్య అరిచాడు. "వాళ్లంతా ఒక్క కుటుంబం, విడదీస్తే ఏం బాగుంటుంది? ఏంరా మస్తానూ, పెళ్లానికి జడిసి పడవ నడుపుతున్నావా?"

పడవలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. మస్తాన్‌రావు మెడ బిగుసుకుంది. "పదిమందిలో పరువు తీయకే," అని పళ్ల మధ్య అంటూ తాడును ఒక్క లాగు లాగాడు. కొబ్బరి పీచు తాడు రత్తాలు అరచేతిని కోసుకుంటూ జారిపోయింది. పడవ కదిలింది.

చెయ్యి మండుతోంది. అంతకంటే ఎక్కువగా లోపల మండుతోంది. అయినా ఆమె తిట్టుకుంటూ కూర్చోలేదు. అవతల రొయ్యలు పడుతున్న పిచ్చమ్మను, ధనమ్మను కేకేసింది.

"తపేలాలు ఖాళీ చేసి రండే! పడవ తిరిగొచ్చేదాకా ఇక్కడ్నించి కదలొద్దు."

"రొయ్యలు పారబోయాలా?" అంది పిచ్చమ్మ.

"పారబొయ్యి!"

ముగ్గురూ తుంగ దుబ్బుల దగ్గర మొలలోతులో నిలబడ్డారు, బోర్లించిన తపేలాలు చంకల కింద పెట్టుకుని.

పడవ గొయ్యి మీదికి వెళ్లింది. ఎవరో కెమెరా తీశారు. ఫొటోలో అందరూ పడాలని ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. వాణ్ణి కూర్చోమని మస్తాన్‌రావు అరిచేలోగా మిగతావాళ్లు ఒకవైపుకు ఒరిగారు. పడవ కూడా వాళ్లతోపాటే ఒరిగింది. అంచు మీదుగా నీళ్లు చప్పుడు లేకుండా లోపలికి వచ్చాయి. కాళ్లు తడవగానే ఆడవాళ్లు కేకలు పెట్టి రెండో వైపుకు దూకారు. దాంతో పడవ పూర్తిగా మునిగి, పద్దెనిమిది మందీ నీళ్లలో పడ్డారు.

రత్తాలు అప్పటికే ఈదుతోంది.

"పడవ వదలొద్దు! అది మునిగినా తేలతది! అంచు పట్టుకుని వేలాడండి, ఎక్కొద్దు! ఎక్కొద్దంటే!"

ఊపిరి కోసం కొట్టుకుంటున్న వాళ్లకు ఆ మాట సగమే వినపడింది. ఆమె మొదట చేరింది కామేశ్వరమ్మ దగ్గరికి. ఆవిడ రెండు చేతులతో రత్తాలు మెడ పట్టుకుంది. ఇద్దరూ నీళ్ల కిందికి పోయారు. రత్తాలు ఆవిడ చేతులు విడిపించుకుని, వెనకనుంచి జుట్టు పట్టుకుని పైకి లాగి, తపేలా ఆవిడ రొమ్ముకు ఆనించింది. "దీన్ని కావిలించుకో! నన్ను కాదు, దీన్ని!" పిచ్చమ్మ ఇద్దరు ఆడపిల్లలను తపేలాకు చెరోవైపు వేలాడదీసి లాక్కొస్తోంది. మస్తాన్‌రావు గెడను అడ్డంగా పట్టుకుని దాని మీద ముగ్గురిని ఆపాడు. ఒడ్డున రమణి గంగాళాలు కట్టి తెచ్చిన మోకు విప్పి, ఒక కొస ఉసిరి చెట్టుకు చుట్టి, రెండో కొస పట్టుకుని నడుంలోతు దాకా వచ్చి ధనమ్మకు విసిరింది.

ఎంతసేపు పట్టిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఒడ్డున మనుషుల్ని రమణే లెక్కపెట్టింది, ఒకసారి కాదు, మూడుసార్లు. పదిహేడు. మళ్లీ పదిహేడే.

"మామయ్యగారేరీ?"

రత్తాలు మళ్లీ నీళ్లలోకి దూకింది. మేష్టారు పడవ ముందు పలక కింద ఇరుక్కుని ఉన్నాడు, ముక్కు మాత్రం పైకి తేలుతోంది. కళ్లజోడు లేదు. ఆయన్ని లాగి తెచ్చి, కట్ట వాలులో తల కిందికి పెట్టి పడుకోబెట్టి వీపు మీద చరిచింది. పొద్దున తాగిన కాఫీతో సహా కక్కాడాయన. తర్వాత ఏడ్చాడు.

అందరూ బతికారు. కామేశ్వరమ్మ తడి చీరతోనే ఉసిరి చెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టింది. "అంతా ఆ స్వామి దయ," అంది. అందరూ చేతులు జోడించారు. పిచ్చమ్మ రొయ్యలన్నీ మడుగు పాలయ్యాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. కొండయ్య అందరికీ వేడి టీ పంపించాడు.

"ఏం కాలేదుగా," అంటున్నాడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి. "కాస్త నీళ్లొచ్చాయి, అంతే. ఎవరితోనూ అనకండి, ఊరికే చిలవలు పలవలు చేస్తారు."

రత్తాలు కట్ట మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటోంది. కళ్ల ముందు చీకట్లు తగ్గి చూసేసరికి, నలుగురు కూలీలు పడవను ఒడ్డుకు లాగి, పక్కకు ఒరగేసి నీళ్లు పారబోస్తున్నారు. అప్పుడే వచ్చిన బాపట్ల బస్సులోంచి దిగిన జనం పందిరి కింద వరసగా నిలబడ్డారు. ఒక తల్లి చంటిపిల్లను ఎత్తుకుని, "ఎంతసేపు తిప్పుతారండీ?" అని అడుగుతోంది.

కొండయ్య నవ్వుతూ ఏదో చెబుతున్నాడు.

తెనాలివాళ్లు పది గజాల దూరంలో తల తుడుచుకుంటున్నారు. వాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. రత్తాలు మేష్టారి దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, మీరు చెప్పండి వాళ్లకి. నేను చెబితే వినరు. చదువుకున్నోళ్లు చెబితే వింటారు."

మేష్టారు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "మనకెందుకమ్మా ఇప్పుడు... తడిబట్టలతో ఉన్నాం... వెళ్లిపోతాం."

ఆ మాటతో రత్తాలుకు ఇంకేమీ వినపడలేదు. వంటవాళ్లు పొయ్యిలోకి కట్టెలు చీల్చిన గొడ్డలి అక్కడే పడి ఉంది. తీసుకుని పడవ దగ్గరికి నడిచింది. కూలీలు ఆమె ముఖం చూసి పక్కకు తప్పుకున్నారు.

మొదటి దెబ్బకు పలక పగల్లేదు. రెండో దెబ్బకు చిట్లింది. మూడో దెబ్బకు గొడ్డలి లోపలికి దిగింది. కోసుకుపోయిన అరచెయ్యి నెత్తురు కారుతున్నా ఆపలేదు. ఒక్కో దెబ్బకూ ఒక్కో మాట అరిచింది.

"చూద్దాం అన్నాడు! ఇదిగో చూడండి! ఏడాది చూశారుగా! బనీను పట్టుకున్న పిల్లని నేనే మోశా! మీలో ఎవడు మోశాడు? ఎవడు?"

కొండయ్య పరుగెత్తుకొచ్చాడు. "దాన్ని పట్టుకోండ్రా! మస్తానూ, నీ పెళ్లాన్ని ఆపుతావా, చెయ్యి చేసుకోమంటావా?"

మస్తాన్‌రావు గెడ పట్టుకుని లేచాడు. రత్తాలు అతని వంక చూసింది. అతనామె వైపు రాలేదు. కొండయ్యకూ ఆమెకూ మధ్యకు వచ్చి, గెడను నేలకు బిగించి నిలబడ్డాడు. కొండయ్య ఆగిపోయాడు.

పందిరి కింద వరస చెదిరిపోయింది. చంటిపిల్ల తల్లి అందరికంటే ముందు బస్సెక్కింది.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. ఒకరి ఆస్తి ధ్వంసం చేసిందని రత్తాలును జీపెక్కించారు. కొండయ్య ముందుగానే స్టేషన్లో కుర్చీలో ఉన్నాడు. ఎస్సై ఇంకా కొత్తవాడు, విసుగ్గా ఉన్నాడు. సాక్షులు కావాలని ఎస్సై అంటే రేపల్లె రైల్వే స్టేషన్లో రైలు కోసం కూర్చున్న మేష్టారి కుటుంబాన్ని పిలిపించారు. పడవ మునిగిన జడుపుతో వ్యానులో తిరుగు ప్రయాణానికి కామేశ్వరమ్మ ఒప్పుకోలేదట, రైలైతేనే నయమని.

"పడవ మునిగిందా?" అడిగాడు ఎస్సై.

"లేదండీ, కాస్త నీళ్లు..." మొదలుపెట్టాడు కొండయ్య.

"మిమ్మల్ని కాదు. మేష్టారూ, మీరు చెప్పండి."

యజ్ఞనారాయణ మేష్టారు కళ్లజోడు లేక ఎటో చూస్తున్నాడు. "అంటే... పెద్దగా ప్రమాదం అనలేం... అందరం క్షేమంగానే..."

"మామయ్యగారూ," అంది రమణి. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ విని ఉండరు. "మీ చొక్కా ఇంకా ఆరలేదు."

కామేశ్వరమ్మ ఆమె మోచెయ్యి గిల్లింది. రమణి చెయ్యి విదిలించుకుంది. "పదిమంది పడవలో పద్దెనిమిది మందిని ఎక్కించారండి. ఈవిడ తాడు పట్టుకుని బతిమాలింది. అందరూ నవ్వారు. నా పిల్లలు ఎక్కలేదు కాబట్టి నేను ఒడ్డునుంచి మొత్తం చూశాను. రాసుకోండి, సంతకం పెడతాను."

"నిజమేనండి," అన్నాడు గుమ్మంలోంచి మస్తాన్‌రావు. "ఎక్కించింది నేనే. ఆయన ఎక్కించమన్నాడు, నేను ఎక్కించా. తప్పు మా ఇద్దరిదీ. నా పేరు కూడా రాయండి."

రత్తాలు మొగుడి వంక చూడలేదు. చూస్తే కోపం తగ్గిపోతుందేమోనని భయపడింది. అప్పుడే తగ్గడం ఆమెకు ఇష్టం లేదు.

చివరికి మేష్టారు కలం ఇమ్మని చెయ్యి చాచాడు. సంతకం ఎక్కడ పెట్టాలో కనపడక రమణినే వేలు పెట్టి చూపించమన్నాడు.

సాయంత్రానికి రత్తాలును వదిలేశారు. కాగితం మండలాఫీసుకు వెళ్లింది, అక్కడినుంచి ఎవరో పెద్దాయన జీపులో వచ్చి చూశాడు. ఆ కార్తీకమంతా పడవలు ఆపేశారు. గొయ్యి చుట్టూ సర్కారు గుంజలు పాతారు, తాడు కట్టారు. పదిమందికి మించి ఎక్కరాదని కట్ట మీద బోర్డు పెట్టారు. కొండయ్య పాట వదులుకున్నాడు.

ఊళ్లో ఎవరూ రత్తాలును మెచ్చుకోలేదు. వేరుశనక్కాయలు అమ్మే వాళ్లకు, బజ్జీల బండి వాళ్లకు ఆ నెల బేరం పోయింది. "నీ వీరత్వం మా నోట్లో మట్టి కొట్టింది," అని రేవులోనే మొహం మీద అన్నారు. "కొట్టనీ," అందామె. "నోట్లో నీళ్లు పోయేకంటే నయం." మస్తాన్‌రావు మళ్లీ నిజాంపట్నం వెళ్లి ఎవరి పడవ మీదో వేటకు కుదిరాడు. నెల రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. తర్వాత ఒకరోజు అతను మానుతున్న ఆమె అరచేతికి పసుపు, ఆముదం కలిపి రాస్తుంటే, ఆమె తిడుతూనే చెయ్యి చాపి ఉంచింది.

వైశాఖంలో ఒకనాటి పొద్దున రమణి తెనాలి నుంచి దిగింది. పిల్లలిద్దరూ వెంట ఉన్నారు.

"ఈత నేర్పుతావా అక్కా? సెలవులన్నాళ్లూ తీసుకొస్తాను."

రత్తాలు పిల్లలను ఎగాదిగా చూసింది. "ఏడుస్తారు. నేను తిడతాను. ఒప్పుకుంటేనే."

"తిట్టు."

ఆమె నిజంగానే తిట్టింది. కాళ్లు కొట్టనందుకు తిట్టింది, కొట్టినందుకు తిట్టింది, నీళ్లు మింగి దగ్గినందుకు ఇంకా తిట్టింది. మూడో రోజుకు పాప మొలలోతులో తపేలా వదిలేసి నాలుగు బారలు తేలింది. ఒడ్డున ఎవరో చప్పట్లు కొట్టారు. యజ్ఞనారాయణ మేష్టారు. ఎప్పుడొచ్చాడో, చెట్టు నీడన నిలబడి ఉన్నాడు. కొత్త కళ్లజోడు.

పంచె పైకి కట్టుకుని నీళ్ల అంచుదాకా వచ్చాడు.

"అమ్మా రత్తాలూ... అరవై మూడేళ్లకి వస్తుందంటావా ఈత?"

"తెలీదు," అంది రత్తాలు కటువుగానే. "కళ్లజోడు కోడలికిచ్చి దిగండి. నేను చెప్పేదాకా మోకాలి లోతు దాటారంటే ఊరుకోను."

మేష్టారు కళ్లజోడు తీసి రమణికి ఇచ్చాడు. చల్లటి నీళ్లు కాళ్లకు తగలగానే ఉలిక్కిపడి ఆగాడు.

"అక్కడే నిలబడితే ఎట్టా మేష్టారూ? రండి!" అని అరిచింది రత్తాలు.